ల్యాబ్ అమ్మాయికి దొరికిన నరం వేరు, నాన్నగారి అరికాలి నరం వేరు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్ళు. సాగర్ కాలవ మీద లస్కరుగా, అంటే నీళ్ళ పంపకం చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. షుగర్ వచ్చి 14 ఏళ్ళు, అప్పటి నుంచీ మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. రెండేళ్ళుగా అరికాళ్ళు మంటలంటున్నారు. రాత్రిళ్ళు తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటారు. పోయిన నెల బజారుకు వెళ్ళి ఒక్క చెప్పుతో ఇంటికొచ్చారు. ఎడమ చెప్పు ఊడిపోయిందని అమ్మ చూసి చెప్పేదాకా ఆయనకు తెలియలేదు. డాక్టరు గారు నరాలు దెబ్బతిన్నాయని బిళ్ళలు రాశారు. మా బాబాయి బీయస్సీ జువాలజీ. నరాల కణాలు ఒకసారి చస్తే మళ్ళీ పుట్టవు, బిళ్ళలు దండగ అంటాడు. మా అత్తయ్య నరాల బలానికి పది ఇంజెక్షన్లు వేయించమంటుంది. మొన్న రక్తం తీయడానికి ఇంటికొచ్చిన ల్యాబ్ అమ్మాయేమో, "మీ నాన్నగారి నరాలు చాలా బాగున్నాయండీ, టక్కున దొరికాయి" అంది. అసలు మా నాన్నగారి నరాలు బాగున్నట్టా, చచ్చిపోయినట్టా? మంట అంతలా తెలుస్తున్న కాలికి చెప్పు ఊడటం ఎందుకు తెలియలేదు? ఈ కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటానంటున్నారు. వేసుకోవచ్చా?
— ఒక కూతురు, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ల్యాబ్ అమ్మాయి మాట దగ్గరే మొదలుపెడతాను. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమెకు కావలసింది ఆమెకు దొరికింది. కాకపోతే అది మోచేతి మడత దగ్గర పైకి తేలే సిర, అంటే చెడు రక్తాన్ని గుండెకు తీసుకెళ్ళే గొట్టం. దాన్నీ మనం నరమే అంటాం. రాత్రి పిక్క గట్టిగా బిగుసుకుంటే 'నరం పట్టేసింది' అంటాం, పట్టేది కండ. కాలు మడత పడితే 'నరం బెణికింది' అంటాం, బెణికేది ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ. కోపం వస్తే కణతల మీద 'నరాలు ఉబ్బాయి' అంటాం, అవీ రక్తనాళాలే. ఇక బస్టాండు గోడల మీద 'నరాల బలహీనత' అని రాయించేవాళ్ళ సంగతి మీకు తెలిసిందే, దానికీ నరానికీ ఏ సంబంధమూ లేదు. ఇన్నింటి మధ్య అసలు నరం ఎక్కడో నలిగిపోయింది. పాఠ్యపుస్తకాల వాళ్ళు ఈ గొడవ వదిలించుకుందామని 'నాడి' అనే మాట తీసుకున్నారు. తీరా చూస్తే ఊళ్ళో వైద్యుడు మణికట్టు పట్టుకుని చూసే నాడి కూడా రక్తనాళమే.

ఇందులో మన భాష తప్పేమీ లేదు. గ్రీకువాళ్ళు 'న్యూరాన్' అన్న మాటను మొదట్లో కండను ఎముకకు కట్టే తెల్లటి తాడుకు వాడారు. ఆ మాటే ఇప్పుడు నాడీకణానికి పేరైంది. కోసి చూసేదాకా ఎవరికైనా అన్నీ ఒకేలాంటి తాళ్ళే.

నేను మొదటిసారి అసలు నరాన్ని చూసింది ఎంబీబీఎస్ మొదటి ఏడాది, శవం తొడ వెనక కండల్ని పక్కకు జరిపినప్పుడు. సయాటిక్ నరం. ఒంట్లోకెల్లా లావైనది, నా బొటనవేలంత ఉంది. తెల్లగా, కాస్త బల్లపరుపుగా, నీళ్ళలో నానిన నూలు తాడులా ఉంది. పక్కనే రక్తనాళాన్ని కోస్తే లోపల బెజ్జం కనిపించింది. దీన్ని కోస్తే బెజ్జం లేదు. తాడు లోపల సన్నతాళ్ళు, వాటి లోపల ఇంకా సన్నటివి, ఇక ఆపైన మైక్రోస్కోపు కావాలి. మైక్రోస్కోపులో చూస్తే అవి కొన్ని వేల పోగులు. ఒక్కో పోగూ ఒక్కో నాడీకణం తోక. దాన్నే యాక్సాన్ అంటారు.

నాన్నగారి సమస్య అంతా ఇక్కడే ఉంది కాబట్టి కాసేపు ఆగుదాం. ఆ తోకలు కాలిలో ఉన్నాయి సరే, వాటి కణాలు ఎక్కడున్నాయి? కాలిలో లేవు. అరికాలి స్పర్శ, మంట, నొప్పి మోసుకొచ్చే కణాలు నడుము కింద, వెన్నుపూసల సందుల్లో చిన్న ఉబ్బుల్లాంటి ముడుల్లో గుంపులుగా కూర్చుని ఉంటాయి. కాలివేళ్ళను కదిలించే కణాలు ఇంకాస్త పైన, వెన్నుపాములోనే ఉంటాయి. వెన్నుపాము మనం అనుకున్నంత పొడుగు కాదు. పెద్దవాళ్ళలో సుమారు 45 సెంటీమీటర్లు, నడుము మొదట్లోనే అయిపోతుంది. అక్కడి నుంచి కిందికి గుర్రపు తోకలా పోగులే వేలాడుతుంటాయి.

అంటే నాన్నగారి బొటనవేలిలో కొస ఉన్న కణం నడుము దగ్గర బతుకుతోంది. మధ్యలో మీటరు దూరం. కణం ఒళ్ళేమో మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. కణాన్ని నిమ్మకాయంత చేసి చూస్తే దాని తోక ముప్పావు కిలోమీటరు దాటి పోతుంది. ఒంట్లో ఇంకే కణానికీ ఇలాంటి ఆకారం లేదు.

ఇప్పుడు ఈ సంగతి నాన్నగారికి చెప్పండి, ఆయనకు నాకన్నా బాగా అర్థమవుతుంది. తోక కొసకు కావలసిన సరుకు చాలావరకు కణం ఒంట్లోనే తయారవుతుంది. అక్కడి నుంచి తోక లోపలి సన్నటి పట్టాల మీద కొసదాకా ప్రయాణం చేయాలి. వేగంగా పోయే సరుకు రోజుకు 40 సెంటీమీటర్ల దాకా పోతుంది, అంటే బొటనవేలు చేరడానికి రెండున్నర రోజులు. నెమ్మదిగా పోయే సరుకు రోజుకు కొద్ది మిల్లీమీటర్లే, దానికి నెలలూ ఏళ్ళూ పడుతుంది. తూము దగ్గర నీళ్ళు తగ్గితే ముందు ఎండేది ఏ పొలం? చివరి ఆయకట్టు. నాన్నగారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ టెయిలెండ్ రైతులు వచ్చి గొడవ చేసింది దీని గురించే కదా. పైన వరి పచ్చగా ఉంటుంది, కింద నెర్రెలు. షుగర్ నరాలకు చేసేది ఇదే. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే కణం లోపలి పని కుంటుపడుతుంది, నరానికి దారిపొడవునా రక్తం అందించే సన్నటి నాళాలు కూడా మూసుకుపోతుంటాయి. అన్ని తోకలకూ కష్టమే, కానీ అతి పొడుగ్గా ఉన్నవి ముందు చేతులెత్తేస్తాయి. అందుకే మొదట కాలివేళ్ళు, తర్వాత పాదం, తర్వాత మడమ పైకి, అచ్చం మేజోడు తొడిగినట్టు, రెండు కాళ్ళకూ ఒకేసారి. అది మోకాళ్ళ దాకా పాకే సమయానికి చేతివేళ్ళ కొసల్లో మొదలవుతుంది, ఎందుకంటే పొడుగులో తర్వాతి వంతు వాటిదే.

కాబట్టి చచ్చిపోయాయా అన్న మీ ప్రశ్నకు నా జవాబు: చాలామటుకు కణాలు చావలేదు, కొసలు ఎండిపోయాయి.

మంట తెలుస్తూ చెప్పు ఊడటం తెలియకపోవడం మీకు వింతగా ఉంది. ఉండాల్సిందే. గడపకు కాలివేలు కొట్టుకున్నప్పుడు గమనించారా? ముందు ఠక్కున దెబ్బ తెలుస్తుంది. 'ఇప్పుడొస్తుంది నొప్పి' అని మనం పళ్ళు బిగించుకునేంత వ్యవధి ఉంటుంది. ఆ తర్వాత లాగుతూ, మండుతూ అసలు నొప్పి వస్తుంది. దెబ్బ ఒకటే, వార్త రెండు దారుల్లో వచ్చింది. తాకిడిని, అదురును, కాలు ఏ భంగిమలో ఉందన్న సమాచారాన్ని తెచ్చేవి లావుపాటి పోగులు. వాటికి కొవ్వు తొడుగు ఉంటుంది, మైలిన్ అంటారు. వాటిలో వార్త సెకనుకు 50 మీటర్ల పైచిలుకు పరుగెత్తగలదు. మంటను, వేడిని, మొద్దునొప్పిని తెచ్చేవి తొడుగులేని సన్నపోగులు. వాటిలో వేగం సెకనుకు మీటరు అటూఇటూ, మనిషి నడక అంత.

నాన్నగారికి రెండు రకాలూ దెబ్బతిన్నాయి, కానీ రెండు రకాలుగా బయటపడ్డాయి. లావుపోగులు మాట్లాడటం మానేశాయి, అందుకే చెప్పు జారితే కబురు అందలేదు. సన్నపోగులు దెబ్బతిని తమంతట తామే అరుస్తున్నాయి. వీధి తలుపు దగ్గర ఎవరూ లేకపోయినా షార్ట్ అయిన కాలింగ్ బెల్ మోగుతూనే ఉంటుంది చూడండి, అలాగ. లోపలున్న మెదడుకు ఆ సంగతి తెలియదు. ఈ పోగులో కబురు వచ్చిందంటే అరికాలి కింద నిప్పు ఉన్నట్టే దాని లెక్క. పగలు పనిలో, మాటల్లో ఆ మోత మరుగున పడుతుంది. రాత్రి అంతా సద్దుమణిగాక అదొక్కటే వినిపిస్తుంది. అందుకే మంట ఉంది కదా, కాలికి తెలివి ఉందనుకోవద్దు. మండే కాలే మొద్దుబారిన కాలు. ఈ ఒక్కటీ ఇంట్లో అందరికీ చెప్పండి.

మైలిన్ తొడుగు మాట వచ్చింది కాబట్టి, బాబాయి గారికి జవాబు దాంట్లోనే ఉంది. కాలి నరంలో ఆ తొడుగు వేసేవి ష్వాన్ కణాలు. ఒక్కో కణం పోగు మీద మిల్లీమీటరో ఇంకా తక్కువో చుట్టుకుని కూర్చుంటుంది, దాని పక్కన ఇంకొకటి, మధ్యలో చిన్న ఖాళీ. వార్త ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి గెంతుతూ పోతుంది, వేగం అందుకే. ఒక్క పోగుకు నడుము నుంచి వేలిదాకా వెయ్యికి పైగా కణాలు వరసలో కూర్చుని కాపలా కాస్తున్నాయన్నమాట. మెదడులో, వెన్నుపాములో తొడుగు వేసే కణాలు వేరే జాతి. అక్కడ ఒక్క కణం పదుల కొద్దీ చేతులు చాచి చుట్టూ ఉన్న పోగులన్నిటికీ తొడుగు వేస్తుంది.

ఈ తేడా దెబ్బ తగిలాక తెలుస్తుంది. చేతిలోనో కాలిలోనో పోగు తెగితే, కణం బతికి ఉంటే, ష్వాన్ కణాలు పాత చెత్తను శుభ్రం చేసి, ఖాళీ అయిన దారిని కాపాడి, కొత్త కొసను చెయ్యిపట్టి నడిపిస్తాయి. పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, నెలకో అంగుళం. మెదడు, వెన్నుపాము లోపల ఆ సహాయం లేదు. అక్కడి తొడుగు శిథిలాలే దారికి అడ్డం పడతాయి. వెన్నుపాము తెగినవాళ్ళకు కాళ్ళు తిరిగి రాకపోవడానికి పెద్ద కారణం ఇదే. బాబాయి గారు చదువుకున్నది మెదడు, వెన్నుపాముల సంగతి, నాన్నగారికి వచ్చింది అవి దాటి బయటికి వచ్చిన నరాల జబ్బు. నాడీకణం మామూలుగా విభజన చెంది ఇంకో కణాన్ని పుట్టించదన్నది నిజమే. కణం పుట్టడం వేరు, ఉన్న కణానికి తోక మొలవడం వేరు. బల్లికి బల్లి పుట్టకపోయినా తోక మొలుస్తుందని జువాలజీ ఆయనకు నేను చెప్పక్కర్లేదు.

ఆయనకు ఇంకో ముచ్చట కూడా చెప్పండి, సరదా పడతారు. మా రోజుల్లో పుస్తకాల్లో మెదడులో 10,000 కోట్ల న్యూరాన్లు, వాటికి పదింతలు గ్లియా, అంటే సహాయక కణాలు ఉంటాయని ఉండేది. ఎవరు లెక్కపెట్టారో ఎవరికీ తెలియదు. బ్రెజిల్‌లో సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం మెదడు ముక్కల్ని పులుసులా కరిగించి, అందులో తేలే కణకేంద్రకాలను లెక్కపెట్టి 2009లో తేల్చింది: న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు, మిగతా కణాలు కూడా దాదాపు అంతే. న్యూరాన్లలో 6,900 కోట్లు తల వెనక కింది భాగంలో ఉండే చిన్నమెదడులోనే ఉన్నాయి. నేను చాలా ఏళ్ళు ఆ 'పదింతలు' అన్నది పిల్లలకు చెప్పినవాణ్ణే.

నరాలంటే వైర్లు అనుకోవడం కూడా కొత్తది కాదు. ఇటలీలో కామిల్లో గోల్జీ 1873లో వెండి లవణంతో నాడీకణాలకు నల్లరంగు ఎక్కించే పద్ధతి కనిపెట్టాడు. చూసి, ఇదంతా ఒకదానికొకటి అతుక్కుపోయిన ఒకే వల అన్నాడు. స్పెయిన్‌లో రామోన్ ఇ కాహాల్ అదే రంగుతో చూసి, కాదు, ఏ కణానికా కణం విడి, కొసలు దగ్గరగా వస్తాయంతే అన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. అందుకోవడానికి వచ్చి కూడా గోల్జీ తన వల మాటే మాట్లాడాడు. నిలబడింది కాహాల్ మాట. వైరు అయితే తెగిన చోట అతికిస్తే సరిపోయేది. ఇది బతికున్న కణం ఒంట్లో భాగం కాబట్టి తిండి కావాలి, కాలం కావాలి.

సరే, మొలుస్తుంది కదా అని నేను ఆశ పెట్టను. షుగర్ ఎక్కువగానే ఉంటే ఆ మొలవడం సరిగా సాగదు. ఏళ్ళ కిందట పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రావడం అరుదు. లెక్కకు చూసినా రోజుకో మిల్లీమీటరు చొప్పున మీటరు అంటే మూడేళ్ళ మాట. చేయగలిగింది మిగిలిన ఆయకట్టు ఎండకుండా చూసుకోవడం. షుగర్ అదుపు, బీపీ అదుపు, నడక, పొగ తాగే అలవాటుంటే మానడం, మందు అలవాటుంటే అదీ మానడం. మద్యం సొంతంగానే నరాల్ని తింటుంది.

ఇక డాక్టరు గారు రాసిన బిళ్ళలు. స్ట్రిప్పు మీద ప్రీగాబలిన్, గాబాపెంటిన్, డ్యులాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ అని ఉంటే అవి నరాన్ని మొలిపించే మందులు కావు, అరుపు తగ్గించే మందులు. దండగ మాత్రం కాదు, రాత్రి నిద్రపట్టడం చిన్న విషయం కాదు. మగత, తూలు రావచ్చు. రాత్రి బాత్రూముకు లేచేటప్పుడు మంచం మీద కాసేపు కూర్చుని లేవమనండి, లైటు వేసి ఉంచండి. బాగుందని తమంతట తాము టక్కున ఆపొద్దు. కొన్ని బిళ్ళల్లో మిథైల్‌కోబాలమిన్, అంటే బీ12 రకం, ప్రీగాబలిన్‌తో కలిపి వస్తుంది. జనం దాన్ని 'విటమిన్ బిళ్ళ' అనుకుని ఇంట్లో మిగతావాళ్ళకు కూడా ఇచ్చేస్తుంటారు. ఆ పని చేయకండి.

అత్తయ్య గారి ఇంజెక్షన్ల మాటను తీసిపారేయలేను. 14 ఏళ్ళు మెట్‌ఫార్మిన్ వాడిన మనిషికి బీ12 తగ్గి ఉండే అవకాశం ఉంది. మాంసం తినని ఇల్లయితే మరీ. బీ12 తగ్గితే కాళ్ళ నరాలే కాదు, వెన్నుపాములో పైకెళ్ళే లావుపోగుల తొడుగులు కూడా పాడవుతాయి. నాన్నగారు సింకు దగ్గర కళ్ళు మూసుకుని ముఖం మీద నీళ్ళు కొట్టుకునేటప్పుడు తూలుతున్నారా? చీకట్లో గోడ పట్టుకుని నడుస్తున్నారా? కాళ్ళు ఎక్కడున్నాయో కబురు అందకపోతే కళ్ళతో సరిపెట్టుకుంటాం, కళ్ళు మూస్తే పడతాం. ఇది షుగర్ వల్లా రావచ్చు, బీ12 వల్లా రావచ్చు, రెండూ కలిసీ రావచ్చు. తేల్చడానికి ఒక రక్తపరీక్ష చాలు. తక్కువ ఉంటే ఇంజెక్షన్లు నిజంగా పనిచేస్తాయి. పరీక్ష లేకుండా 'బలానికి' అని మందుల షాపులో బీ-కాంప్లెక్స్ ఏళ్ళ తరబడి వాడటం మాత్రం వద్దు. వాటిలో ఉండే బీ6 ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం పడితే అదే నరాలు పాడుచేస్తుంది. అదే సమయంలో థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా చేయించండి, వాటి వల్లా అరికాళ్ళు మండుతాయి.

ఇంకో రకం నరాల గురించి మీరు అడగలేదు, నేను చెప్పాలి. మెదడు నుంచి 12 జతలు, వెన్నుపాము నుంచి 31 జతలు నరాలు బయటికి వస్తాయి. వీటితో కలిసి కొంత, విడిగా కొంత, మన మాట వినని శాఖ ఒకటి నడుస్తుంది. గుండె వేగం, బీపీ, చెమట, పేగుల కదలిక, మూత్రం చూసుకునే అటానమిక్ శాఖ. షుగర్ దాన్నీ వదలదు. నాన్నగారి మడమలు పగిలి, పాదాల చర్మం ఎప్పుడూ పొడిగా ఉంటుందా? చెమట గ్రంథుల నరాలు పోయినందువల్ల కావచ్చు. కూర్చుని లేవగానే కళ్ళు తిరుగుతున్నాయా, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందా, మూత్రం ఆగి ఆగి వస్తోందా? ఉంటే డాక్టరుకు చెప్పండి. ఇలాంటి వాళ్ళకు గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా, ఒట్టి ఆయాసంతోనో, చెమటతోనో, వాంతితోనో రావచ్చు. గ్యాస్ అని సోడా ఇచ్చి పడుకోబెట్టకండి.

కాలికి తెలివి ఎంతుందో మీరే ఇంట్లో చూడవచ్చు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఊరి పేరుతో ఈ పరీక్ష ఉంది, ఏ పరికరమూ అక్కర్లేదు. నాన్నగారిని కాళ్ళు చాపి పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. మీ చూపుడువేలి కొసతో ఆయన బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలి కొసల్ని ఒక్కొక్కటిగా ఒకటి రెండు సెకన్లు తేలికగా ఆనించండి. నొక్కొద్దు, రాయొద్దు, గిచ్చొద్దు. తెలిసినప్పుడు కుడో ఎడమో చెప్పమనండి. ఆరింటిలో రెండు తెలియకపోయినా కాలికి రక్షణ పోయినట్టే లెక్క. ఆస్పత్రిలో ఇదే పనిని వంగే ప్లాస్టిక్ పోగుతో, మోగే శ్రుతిదండంతో, మడమ వెనక సుత్తితో చేస్తారు. నరాల్లో కరెంటు వేగం చూసే పరీక్ష కూడా ఉంది, ఖరీదైనదే. అది లావుపోగుల్నే పట్టుకుంటుంది, సన్నపోగుల సంగతి దానికి తెలియదు. అందుకని రిపోర్టు నార్మల్ వచ్చినా మంట అబద్ధమని ఎవరూ అనకూడదు.

ఇప్పుడు మాల.

41 రోజులు చెప్పుల్లేకుండా. నేను వద్దనే అంటాను, చెప్పుల్లేకుండా మాత్రం వద్దు. మాల వేసుకోవద్దని అనడం లేదు. స్పర్శ లేని కాలికి మేకు గుచ్చుకుంటే తెలియదు, బండరాయి కాలినా తెలియదు, బొబ్బ పగిలి చీము పట్టి జ్వరం వస్తే అప్పుడు తెలుస్తుంది. అంతదాకా వచ్చిన పాదాలు నేను చాలా చూశాను, కొన్నిటికి వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. ముందే నాన్నగారిని తీసుకుని గురుస్వామి దగ్గరికి వెళ్ళండి. డాక్టరు చీటీ పట్టుకెళ్ళండి, ఆ ఒక్క చెప్పు కథ కూడా చెప్పండి. మెత్తటి ఎంసీఆర్ చెప్పులు, అంటే స్పాంజిలాంటి రబ్బరువి, వెనక పట్టీ ఉన్నవి, దీక్షకే విడిగా కొనుక్కుంటామని అడగండి. పంబ నుంచి సన్నిధానం దాకా ఎక్కుడు కూడా ఉంది కదా, పాదరక్షల్లేకుండా ఆ దారి ఈ కాళ్ళకు కాదు. నాన్నగారు పట్టుదల మనిషైతే మీ మాటకన్నా స్వామి మాట చెల్లుతుంది.

దీక్షలో ఇంకో చిక్కు, భోజనం వేళలు. మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం అని తిండి తగ్గించి బిళ్ళలు మాత్రం పాత లెక్కన వేసుకుంటే షుగర్ పడిపోతుంది. గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళలో, ఇన్సులినో ఉంటే ఇంకా ప్రమాదం. అటానమిక్ నరాలు దెబ్బతిన్న మనిషికి గుండెదడ, చేతుల వణుకు లాంటి హెచ్చరికలు కూడా సరిగా రావు, నేరుగా స్పృహ తప్పుతారు. మాల వేసుకునే ముందు డాక్టరుతో మోతాదులు మార్పించుకోవాలి.

దీక్ష ఉన్నా లేకపోయినా కొన్ని జాగ్రత్తలు. మంటకని ఉప్పు వేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టడం మన ఇళ్ళలో మామూలు. ఆయనకు నీళ్ళ వేడి కాలితో తెలియదు కాబట్టి ఇక మానేయండి, స్నానం నీళ్ళు కూడా అమ్మ మోచేత్తో చూశాకే. వేడినీళ్ళ బ్యాగు వద్దు. తడిగుడ్డ కూడా రాత్రంతా చుట్టి ఉంచితే వేళ్ళ సందులు నాని ఒరుస్తాయి. ఆనెలు బ్లేడుతో చెక్కుకోవడం, ఆనెల మందు అంటించుకోవడం రెండూ వద్దు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు సైలెన్సరు వైపు కాలు చూసుకోవాలి. చెప్పు వేసుకునే ముందు బోర్లించి దులపాలి, లోపల చిన్న రాయి ఉన్నా ఆయనకు తెలియదు. పగిలిన మడమలకు కొబ్బరినూనె రాయొచ్చు, వేళ్ళ సందుల్లో రాయొద్దు. నేల మీద పడుకునే అలవాటుంటే ఎలుకలు తిరగని చోటు చూడండి. నవ్వకండి, మొద్దుబారిన కాలివేళ్ళను ఎలుక కొరికితే తెల్లారి రక్తం చూసి తెలుసుకున్నవాళ్ళు ఉన్నారు.

ఒంటి మీద ఎక్కడైనా పాలిపోయిన మచ్చ ఉండి, ఆ మచ్చ మీద మాత్రమే స్పర్శ లేకపోతే అది షుగర్ కాకపోవచ్చు. కుష్ఠు క్రిమి చేరేది పైన చెప్పిన ష్వాన్ కణాల్లోనే. ప్రభుత్వ ఆస్పత్రుల్లో మందు ఉచితం, నయమవుతుంది, దాచుకోవాల్సిన జబ్బు కాదు.

మంటలు ఏళ్ళ మీద పాకేవి కాబట్టి నెమ్మదిగా ఆస్పత్రికి వెళ్ళొచ్చు. కానీ కాళ్ళ బలహీనత రోజుల్లోనే పైకి పాకుతుంటే, మూత్రం బిగిసిపోయి, పిర్రల మధ్య కూర్చునే చోట తిమ్మిరెక్కితే, ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోతే, మూతి వంకరపోతే, మాట తడబడితే ఆ గంటలోనే బయల్దేరాలి. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటలలోపు పడితేనే ప్రయోజనం. పల్లె నుంచి సీటీ స్కాన్ ఉన్న ఊరికి ఎంతసేపు పడుతుందో ఇప్పుడే లెక్కేసుకుని ఉంచుకోండి.

చివరిగా ఒకటి అడుగుతాను. నాన్నగారు బజారు నుంచి ఒక్క చెప్పుతో ఎంత దూరం నడిచారో, ఆ రాత్రి ఎడమ అరికాలు ఎవరైనా చూశారో లేదో మీ ఉత్తరంలో లేదు. ఆయన వంగి చూసుకోలేకపోతే కింద అద్దం పెట్టండి. ఇది చదవగానే ఆయన్ని వెలుతురులో కూర్చోబెట్టి రెండు పాదాలూ, వేళ్ళ సందులతో సహా చూడండి. చర్మం తెగినా, నల్లబడినా, ఒక చోట వెచ్చగా తగిలినా కార్తీకం దాకా ఆగొద్దు, రేపు పొద్దున్నే తీసుకెళ్ళండి.